అతిథికి తిథియే ధర



పోయిన నెలలో మా మరదలు, అనగా మా తమ్ముని భార్య, నాలుగేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని అమెరికానుండి వచ్చినది. వచ్చిన మూడవనాటి మధ్యాహ్నము మేము వంటయింట ఊరగాయ జాడీలకు వాసెనలు కట్టుచుండగా, ఆమె తన ఫోను మా ముందు పెట్టి, “వదినగారూ, చూడండి, మీ తమ్ముడు కూడబెట్టిన ఆస్తి” అన్నది. చూచితిమి. 5,60,000 అను అంకె కనబడినది. డాలర్లేమో యని మా గుండె ఒక్కసారి ఝల్లుమన్నది. ఆమె నవ్వి, “డాలర్లు కావు, హోటలువారి పాయింట్లు. వీనితో అత్తయ్యగారిని, మామయ్యగారిని హవాయి దీవులకు తీసికొనిపోయి సముద్రపుటొడ్డున వారము దినములు ఉంచవలెనని ఆయన కోరిక. కాని ఆ హోటలు సంస్థ మరియొక సంస్థతో కలియునని ఆయన కార్యాలయములో అనుకొనుచున్నారట. కలిసినచో ఇవి యుండునా, ఊడునా?” అని యడిగినది.

ఆ కలయిక వట్టి వదంతి యని తరువాత తేలినది. ఆ సంస్థ పేరుతోను మనకు పని లేదు. కాని ఆమె ప్రశ్న మమ్ము విడువలేదు. మా వారు బడినుండి వచ్చిన తరువాత ఇద్దరమును కూర్చుండి, ఇట్టి కలయికలు మునుపు జరిగిన చోట సభ్యులకేమైనదో వెదకి చదివితిమి. ఆ చదివినదే నేటి మా ముచ్చట.

పాయింట్లనగా నేమో మొదట చెప్పవలెను. మా తమ్ముడు డాలస్ నగరమున కాపురముండి, కంప్యూటరు కొలువు నిమిత్తము సోమవారము తెల్లవారుజామున విమానమెక్కి వేరొక యూరికి పోయి, గురువారము రాత్రికి ఇల్లు చేరుచుండెడివాడు. నడుమ మూడు రాత్రులు హోటలు పడక. అద్దె కొలువిచ్చినవారు చెల్లింతురు. ఆ యద్దెకు లెక్కగట్టి హోటలువారిచ్చు పాయింట్లు మాత్రము పడుకొన్నవాని పేర జమ యగును. ఇట్లు మూడేండ్లు గడచినవి. మూడువందల యేబదికి పైగా రాత్రులు. ఆ రాత్రులలో బిడ్డకు పండ్లు మొలిచినవి, జ్వరములు వచ్చినవి, ఒకమారు మంచముమీదనుండి పడి పెదవి చిట్లినది. అన్నిటికిని మా మరదలొక్కతెయే మేల్కొని యున్నది. కావున ఆమె నవ్వుచు పలికిన “ఆస్తి” యను మాటను మేము నవ్వుచు వినలేకపోయితిమి. ఆ ఖాతాలో సగము ఆమె జమ.

ఇట్టి జమలను గూర్చి మాకును కొంత యనుభవము కలదు. కొన్నేండ్ల క్రిందట మా యూరి వస్త్రదుకాణమొకటి వేయి రూపాయల బేరమునకొక ముద్ర చొప్పున ఒక అట్టముక్కపై గొట్టియిచ్చెడిది. పండ్రెండు ముద్రలకు ఒక నేతచీర. మేము పండుగలకు, శుభకార్యములకు కొన్న గుడ్డలన్నియు ఆ దుకాణముననే కొని పదునొకండు ముద్రలు సంపాదించితిమి. అంతలో ఎదుటి దుకాణము దీనిని కొనినది. రెంటికిని ఒకే బోర్డు వెలసినది. పండ్రెండవ ముద్రకై పోగా, గల్లాపెట్టె యొద్దనున్న చిన్నవాడు అట్టను అటునిటు త్రిప్పి, “ఇది పాత కొట్టు కార్డమ్మా” అని మర్యాదగా మా చేతికిచ్చెను. నాటినుండి ఇంటిలో ఏ లెక్కకు ఒకటి తక్కువైనను మా వారు “పదునొకండవ ముద్ర” యని వెక్కిరించుచుందురు.

పెద్ద సంస్థల కలయికలో ఇట్లు మొగముమీద కార్డు త్రిప్పియిచ్చుట యుండదు. ముద్రలన్నియు చెల్లుననియే చెప్పుదురు. చెల్లును గూడ. ఐనను చీర వచ్చునా యనునదియే ప్రశ్న. ఇందుకు మారియట్, స్టార్‌వుడ్ సంస్థల కథకన్న మంచి దృష్టాంతము మాకు కనబడలేదు.

మారియట్ మొదట హోటలు కాదు. 1927లో వాషింగ్టను నగరమున జె. విల్లార్డ్ మారియట్ అను యువకుడు తొమ్మిదిమంది కూర్చుండదగిన చిన్న రూట్ బీరు అంగడి పెట్టెను. (రూట్ బీరు పేరునకు మాత్రమే బీరు, అది చల్లని తీపి పానకము.) ఆ యేడే ఆయనను పెండ్లియాడి వచ్చిన ఆలిస్ జమాఖర్చులు వ్రాసెడిది. చలికాలము వచ్చి చల్లని పానకమునకు గిరాకి పడిపోగా, వేడి వంటకములు చేర్చి ఆ యంగడిని నిలిపిరి. ఆ వంటయు ఆలిస్ చేతిదే. ఇంతటి సంస్థల చరిత్రలలో పునాదిరాయి ఒక యిల్లాలి గరిటె కాడ యైన సంగతి ఒక్క వాక్యములో దాటిపోవుట వాడుక గనుక మేము రెండు మూడు వాక్యములు వెచ్చించితిమి. వారి మొదటి విడిదియిల్లు 1957లో వెలసినది.

స్టార్‌వుడ్ వారివి షెరటన్, వెస్టిన్, సెయింట్ రీజిస్, లె మెరిడియన్ మున్నగు పేర్లు. 1999లో వెస్టిన్ హోటళ్లలో తెల్లని పరుపు, తెల్లని దుప్పట్లతో “స్వర్గశయ్య” యను అర్థము వచ్చు పేరుపెట్టి మంచములు వేసిరి. ఆ యేడే వారి సభ్యత్వ పథకమును వెలసి, సాధారణమైన గది ఖాళీగా నున్నంతవరకు పాయింట్లతో వచ్చినవానికి “ఈ దినములలో చెల్లదు” అని చెప్పగూడదను నియమముచేత పేరు తెచ్చుకొన్నది. ఆ సభ్యులకు తమ పథకముపై గల మమకారము ఇంచుమించు పుట్టింటి మమకారము వంటిది.

2015 నవంబరు 16వ తేదీన మారియట్ వారు స్టార్‌వుడ్‌ను కొనుచున్నామని ప్రకటించిరి. 2016 మార్చిలో చైనాకు చెందిన ఆన్‌బాంగ్ అను భీమా సంస్థ నడుమ వచ్చి వేలము పెంచి 1,400 కోట్ల డాలర్ల వరకు పోయి, ఆ నెలాఖరుననే కారణము సరిగా చెప్పకయే వెనుదిరిగినది. పెండ్లిచూపులలో ఇట్టి సంబంధములను మనమును ఎరుగుదుము. 2016 సెప్టెంబరు 23న మారియట్‌తో లగ్నము కుదిరినది. వెల ఇంచుమించు 1,300 కోట్ల డాలర్లు. ముప్పది పేర్లతో 5,700 హోటళ్లు, 11 లక్షల గదులు ఒక్క గొడుగు క్రిందికి వచ్చి, ప్రపంచమున అంతకు మించిన హోటలు సంస్థ లేకపోయినది.

ఇచ్చట చదువరులొక మర్మము గ్రహింపవలెను. ఆ 5,700 కట్టడములలో అత్యధిక భాగము మారియట్ వారివి కావు. కట్టడము ఒకరిది, నౌకర్ల జీతము ఒకచోట ఆ యజమానిది, ఒకచోట వేరొక నిర్వాహకునిది, సంస్థది పేరు, పద్ధతి, గదులు కుదిర్చెడి యంత్రము, సభ్యుల పట్టిక. క్రీడాభిరామములో ఓరుగంటి పూటకూటింట ఒక రూకకు దొరకు భోజనము వర్ణింపబడినది. అచ్చట ఇల్లును, చేయియు, పేరును ఒక్కటియే. కూర చెడినచో ఎవరినడుగవలెనో తిన్నవానికి తెలియును. ఇప్పటి విడిదియింట పేరొకరిది, ఇల్లొకరిది. కావున ఒక సంస్థ వేరొకదానిని కొన్నదనగా వాస్తవముగా కొన్నది గోడలను కాదు, మా తమ్మునివంటి సభ్యులను. నాడు మారియట్ పథకమున 5 కోట్ల 40 లక్షలమంది, స్టార్‌వుడ్ పథకమున 2 కోట్ల 10 లక్షలమంది సభ్యులుండిరి. 1,300 కోట్లలో వీరి వెలయు కలదు. వీరికెవరును కట్నము చదివింపలేదు.

ఇక సభ్యులకైనదేమి? మొదటి దినమున అంతయు శుభమే. ఇరు ఖాతాలను ముడివేసికొన్నచో ఒక స్టార్‌వుడ్ పాయింటునకు మూడు మారియట్ పాయింట్లిచ్చిరి. ఒకచోటి హోదా రెండవచోటను చెల్లినది. మన హైదరాబాదులోనే హుస్సేన్‌సాగరము చెంత మారియట్, మాదాపురమున వెస్టిన్ వేర్వేరు కులములవలె నుండెడివి. ఒక్క రాత్రిలో అవి వియ్యంకులైనవి. ఒక సభ్యత్వముతో చేరదగిన సముద్రతీరములు, కొండయూళ్లు హెచ్చినవి. ఇది మేలు కాదని మేమనము.

2018 ఆగస్టు 18న రెండు లెక్కలను ఒకే పుస్తకమున కలిపిరి. ఆ కలుపుటలో కొందరి రాత్రులు, పాయింట్లు కొంతకాలము కనబడకపోయినవి. ఫోనులపై గంటలకొలది వేచియుండవలసి వచ్చినదని సభ్యులు వాపోయిరి. 2019 ఫిబ్రవరిలో పాతపేర్లు పోయి “బాన్‌వాయ్” అను కొత్తపేరు వచ్చినది. ఇంతవరకు పాలు పొంగినను పొయ్యి ఆరలేదు. అసలు మార్పు దాని తరువాతది. అదివరకు ఏ హోటలునకెన్ని పాయింట్లో తెలుపు పట్టిక యొకటి యుండెడిది. ఇన్ని కూడబెట్టినచో ఇన్ని రాత్రులని లెక్కవేసికొన వీలుండెడిది. 2019 సెప్టెంబరునుండి రద్దీ దినములకొక ధర, రద్దీ లేని దినములకొక ధర యైనది. 2022 మార్చిలో ఆ పట్టికనే క్రమముగా ఎత్తివేయ మొదలిడి, గది గిరాకినిబట్టి పాయింట్లు మారునట్లు చేసిరి.

మా తండ్రిగారు మాకు సంస్కృతము చెప్పునప్పుడు, తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని అర్థము చెప్పిరి. ఈ కాలపు అతిథికి తిథియే ధర! సంక్రాంతికి వచ్చిన అల్లునికి గారెకొక వెల, ఆషాఢమున వచ్చిన వానికొక వెల యన్నట్లున్నది.

ఇది కలయిక ఫలమా, కలియకున్నను జరుగునదియా యని యడుగవచ్చును. కలియని సంస్థలును కొన్ని ఇదే త్రోవ త్రొక్కినవి గనుక నేరమంతయు కలయికపై మోపరాదు. ఐనను ఒక్క సంగతి గమనింపదగినది. మునుపు మారియట్ వారి ధర నచ్చని సభ్యుడు “పోయి స్టార్‌వుడ్‌లో దిగెదను” అనగలిగెడివాడు. అలిగి పోవుటకు రెండవ యిల్లు లేనప్పుడు అలుక కెంత బలముండునో సంసారస్త్రీలకు మేము చెప్పవలసిన పని లేదు.

సముద్రతీరపు రిసార్టులకు వచ్చుసరికి చిక్కు ఇంకొంత హెచ్చు. పాయింట్లు పుట్టుచోటు వేరు, చచ్చుచోటు వేరు. సోమవారమునుండి గురువారము వరకు వ్యాపారపు టూళ్లలో, విమానాశ్రయముల ప్రక్కన, ఎవ్వరును ముచ్చటపడి దిగని గదులలో అవి పుట్టును. ఖర్చుపెట్టుటకు మాత్రము అందరును హవాయికే పోవలెనందురు; అదియు బడులకు సెలవులిచ్చినప్పుడే. రెండు సంస్థలు కలిసినప్పుడు సభ్యుల పట్టికలు కలియును, పాయింట్ల రాసులు కలియును. సముద్రమువైపు తెరచుకొను కిటికీలు మాత్రము ఒక్కటియు పెరుగదు. అక్షయపాత్ర పేరు చెప్పి చేట పట్టుకొని వచ్చినవారు రెట్టింపైరి, అన్నపురాశి మునుపటిదే.

హోదాలయందును ఇట్టి మెలికయే. స్టార్‌వుడ్ వారు పెద్దహోదా గలవారికి సాయంకాలము నాలుగు గంటలవరకు గదిలో నుండనిచ్చు సౌకర్యముండెడిది. కలసిన తరువాత దానిని నిలిపిరి, చాలమందికి మెచ్చుకోలైనది. కాని నియమములు చదివినచో, రిసార్టులలోను సభాభవనములుగల హోటళ్లలోను అది గది ఖాళీనిబట్టియే యని యుండును. అనగా పనిమీద పోయినవాడు నాలుగు వరకు నిద్రింపవచ్చును. పిల్లలతో ఇసుకలో ఆడి తడిబట్టలతో వచ్చిన తల్లికి మాత్రము పెట్టె సర్దుకొమ్మని కబురు రావచ్చును.

రిసార్టు రుసుము మరియొకటి. గది యద్దె గాక, ఈతకొలను, తువాళ్లు, వ్యాయామశాల మున్నగువాని పేర దినమునకింత యని వేరుగా వ్రాయుదురు. పాయింట్లతో వచ్చిన గదికిని అనేక రిసార్టులలో దీనిని రొక్కముగా చెల్లింపవలెను. ఉచితమని పోయినవారికి ఇదొక చురక. ఈ రుసుమును మొదట చూపక చివర కలుపుచున్నారని 2019 జూలైలో వాషింగ్టను నగరపు ప్రభుత్వ న్యాయవాది మారియట్‌పై వ్యాజ్యము వేసెను. 2021లో పెన్సిల్వేనియా రాష్ట్రముతో రాజీ కుదిరి, మొదటనే పూర్తి ధర చూపుటకు సంస్థ యొప్పుకొన్నది. 2025 మే 12 నుండి అమెరికాలో విడిదియిండ్లవారందరును తప్పనిసరి రుసుములతో గూడిన మొత్తపు వెలనే చూపవలెనని కేంద్రపు నిబంధన వచ్చినది. రుసుము పోలేదు, దాగుట పోయినది.

వీనియన్నిటికంటెను మమ్ము కలవరపెట్టినది దొంగతనము. 2014లోనే ఎవరో స్టార్‌వుడ్ వారి గదుల చిట్టాలోనికి రహస్యముగా చొరబడిరి. ఆ సంగతి తెలియకయే 2016లో మారియట్ ఆ సంస్థను కొన్నది. అటకమీద దొంగ దాగియున్న యింటికి గృహప్రవేశము చేసికొన్నట్లైనది. పాలు పొంగించిరి, రెండేండ్లు కాపురముండిరి. 2018 సెప్టెంబరులో గాని అలికిడి వినబడలేదు. ఆ నవంబరు 30న లోకమునకు చెప్పిరి. 38 కోట్ల 30 లక్షల వరకు అతిథుల పద్దులు, వానిలో సంకేతలిపి లేక తేటగా వ్రాసియున్న పాస్‌పోర్టు సంఖ్యలు 52 లక్షలకు పైగా పరులపాలైనవని తరువాత లెక్క తేలినది. ఇంగ్లాండు అధికారులు 2020లో 1 కోటి 84 లక్షల పౌండ్ల జరిమానా వేసిరి. 2024 అక్టోబరులో అమెరికా రాష్ట్రములకు 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించుటకు సంస్థ అంగీకరించినది. ఎన్నడో ఒక రాత్రి షెరటన్‌లో దిగి మరచిపోయిన సామాన్యునికి, తన పాస్‌పోర్టు సంఖ్య ఏ సంస్థనుండి ఏ సంస్థకు కాపురమునకు పోయినదో ఎట్లు తెలియును? పాయింట్లు కలియుటనే మనము చూతుము. పద్దులును కలియును.

ఇంతయు చదివి మేము మరదలితో చెప్పినది కొంచెమే. ఈ పాయింట్లు ఆస్తి కావు. రొక్కపు విలువ లేదనియు, నియమములు మార్చు హక్కు తమదేననియు సంస్థలవారే పత్రములలో వ్రాసికొనియుందురు. కలయిక వార్త నిజముగా వచ్చిననాడు మొదట నిల్వయెంతో, రాత్రులెన్నో కాగితముపై వ్రాసి, ఫోనులోని పుటను బొమ్మతీసి యుంచుకొనవలెను. రెండు ఖాతాలలోను పేరు ఒకే తీరున నుండవలెను. మన ఇంటిపేర్లు అచ్చట ముందువెనుకలగుట తెలిసినదే. పాయింట్లు తరుగునేమో యను భయముతో డబ్బిచ్చి మరికొన్ని కొనరాదు. ఒకసారి కుదుర్చుకొన్న గదిని తరువాత ధర పెరిగినను సామాన్యముగ నిలుపుదురు గనుక, పోదలచినవారు మార్పునకు ముందే కుదుర్చుకొనుట మేలు.

ఆ రాత్రియే తమ్మునితో మాటలాడితిమి. “వచ్చే యేడు చూతము అక్కా, మరికొన్ని చేరనీ” అన్నాడు. మూడేండ్లుగా అదే మాట. రెండేండ్ల క్రిందట వాడు చూచుకొన్నప్పుడు తాను కోరిన యొడ్డున రాత్రికి 80,000 పాయింట్లు. ఏడు రాత్రులు సరిగా వచ్చెడివి. ఇప్పుడు మా మరదలు తేదీలువేసి చూడగా రాత్రికి 1,10,000. అయిదు రాత్రులే. నడుమ ఏ సంస్థయు ఏ సంస్థతోను కలియలేదు. మా వారు ఊరకుండలేక, “కలియకుండగనే రెండు రాత్రులు పోయినవి గదా, కలిసినచో నేమగునో!” అనిరి. ఆ రెండు రాత్రులలో మా నాయనగారి మోకాళ్లును కొంత పోయినవి. నిరుడు దేవాలయపు మెట్లు పండ్రెండెక్కినవారు ఈ యేడు నాలుగవ మెట్టుననే కూర్చుండిరి.

మా మరదలు తమ్ముని మాటకు బదులు చెప్పలేదు. ఫోను తీసికొని, వేసవి సెలవులకు ముందు రద్దీ లేని తేదీలు చూచి, రాత్రికి 1,00,000 చొప్పున అయిదు రాత్రులు అప్పటికప్పుడే కుదిర్చినది. మిగిలినవి 60,000. మనుమని పురుటికి పోయిననాటి వీసా మా తలిదండ్రులకు ఇంకను గడువున్నది గనుక ఆ చిక్కు లేదు. రిసార్టు రుసుము దినమునకెంతో మా వారు ముందుగనే చీటిపై వ్రాసి పెట్టిరి.

మరునాడు అమ్మకు సంగతి చెప్పితిమి. ఆమె బియ్యము ఏరుచు, సముద్రము మాట గాని, ద్వీపము మాట గాని యడుగలేదు. కొంతసేపటికి చేట ప్రక్కన పెట్టి, “ఆ అయిదు రాత్రులును వాడు మాతోనే ఉండునా, అక్కడ గూడ పనియని మరియొక హోటలుకు పోవునా?” అని కోడలి నడిగినది.